ఏడు వారాలకు సరిపడా మాంత్రికులు

మార్చి నెలాఖర్లో శ్రీకాకుళం జి.టి. రోడ్డు మీద సంబరాల పోస్టర్లు అంటించేవాళ్ల బకెట్టు పక్కనుంచి నడిస్తే చాలు, ఆ వాసన వచ్చేస్తుంది. ఉడికిన మైదా, రెండో రోజుకి మొదలయ్యే పులుపు. వాళ్లకి అది గోడకి కాగితం పట్టించే జిగురు. మా కాలపు గుంటలకి, అంటే పిల్లలకి మాత్రం వేసవి సెలవుల పుస్తకాల వాసన. పరీక్షలింకా పూర్తి కాకుండానే ఏదో ఒక పెరట్లో, పనికిరాని సత్తుగిన్నెలో ఆ జిగురు ఉడుకుతుండేది. మాంత్రికులు, రాకాసి లోయలు, అంతరిక్ష నౌకలు, అన్నీ దాంతోనే అతుక్కునేవి.

బడి ఏప్రిల్ 23న మూసేవారు, జూన్ 12 ప్రాంతంలో తెరిచేవారు. మధ్యలో 49 రోజులు, అంటే సరిగ్గా ఏడు వారాలు. క్రౌన్ సైజులో రెండొందల పేజీల నవల, చదివే అలవాటున్న గుంటడికి ఒక మధ్యాహ్నం పని. ఆ లెక్కన సెలవులకి కనీసం ముప్పై పుస్తకాలు కావాలి. కొనగలిగిన ఇల్లు వీధికొకటి కూడా ఉండేది కాదు. అందుకని నాలుగు దారులు: ఏడాది పొడుగునా దాచిన సీరియళ్లు బైండు చేసుకోవడం, అద్దె షాపు, చిత్తు కాగితాల కొట్టు, ఇచ్చిపుచ్చుకోవడం. ఈ నాలుగూ మార్చిలోనే మొదలెట్టాలి. మే నెలలో మొదలెడితే మిగిలేవి చివరి పేజీలు లేనివే.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. సైన్స్ ఫిక్షన్ అనే మాట ఏ కొట్లోనూ బీరువా మీద రాసి ఉండేది కాదు. వెతికే జానపదం పిల్లల పత్రికలో ఉండేది, గ్రహాంతరం వారపత్రిక సీరియల్లో, అదృశ్యమయ్యే మనిషి డిటెక్టివ్ నవల్లో, రాకెట్టు రష్యా పుస్తకంలో. ఎక్కడెక్కడ ఏముందో తెలిసినవాడే పోగెయ్యగలడు. వేసవికి పుస్తకాలు సమకూర్చుకోవడమంటే సగం పని ఈ ఆచూకీ తీయడమే.

సీరియళ్ల వేట

చందమామ 1947 జులైలో మొదలైంది. 1954లో తోకచుక్కతో దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియళ్లు అందులో మొదలయ్యాయి. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, అలా భల్లూక మాంత్రికుడి దాకా. రాసినాయన పేరు సీరియల్ మీద పడేది కాదు. బొమ్మలు వేసిన చిత్రా పేరు ప్రతి గుంటడికీ తెలుసు గానీ, మాటలు రాసిందెవరో పెద్దయ్యాక ఎప్పుడో తెలిసింది చాలామందికి. ఒక్కో సీరియల్ ఏడాదీ రెండేళ్లూ నడిచేది కాబట్టి, నెలనెలా వచ్చినప్పుడు చదివేయడం వేరు, కూర్చుని ఏకబిగిన చదవడం వేరు. ఏకబిగిన చదవాలంటే పాత సంచికలు వరసగా కావాలి. అన్నలు, చిన్నాన్నలు చదివి పెట్టెల్లో పడేసినవే వాటికి ఆధారం.

పత్రిక మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. శ్రీకాకుళం ఊళ్లో రైలు స్టేషను లేదు. శ్రీకాకుళం రోడ్డు అని బోర్డున్న స్టేషను ఆమదాలవలసలో ఉంది. పార్సిలు అక్కడ దిగి, బస్సెక్కి ఊళ్లోకి రావాలి. విజయనగరం జంక్షన్ కాబట్టి అక్కడి వాళ్లకి ఈ బాధ లేదు. విజయనగరంలో ఉన్న బంధువులు ముందే చదివేసి ఉత్తరంలో కథ చెప్పేస్తారేమోనన్న భయం మాత్రం మనకుండేది.

చందమామని కత్తిరించకూడదు. ఈ విషయంలో వీధిలో రెండు పక్షాలుండేవి గానీ, ఇప్పుడు ఆలోచిస్తే కత్తిరించనివాళ్లదే ఒప్పు. సీరియల్ పేజీలు లాగేస్తే మిగిలిన సంచిక విలువ పోతుంది, బేతాళ కథ సగంలో తెగుతుంది. సంచికలు సంచికలుగానే బైండు చెయ్యాలి, అదీ ఆరేసి చొప్పున. పన్నెండూ కలిపి కుడితే వెన్ను అంగుళం దాటిపోతుంది, పుస్తకం తెరుచుకోదు, మధ్య సంచికల్లో లోపలి అంచున ఉన్న అక్షరాలు కుట్టులోకి పోతాయి. సీరియల్ ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ నాలుగైదు వాక్యాల్లో ఉండేది కాబట్టి, మధ్యలో ఒక నెల దొరక్కపోయినా కథ తెగేది కాదు. రెండు నెలలు వరసగా పోతే మాత్రం కష్టం. చచ్చాడనుకున్న మాంత్రికుడు మళ్లీ ఎలా లేచాడో ఎవరూ చెప్పరు.

వారపత్రికల సీరియళ్లు మాత్రం కత్తిరించే తీరాలి. యాభై వారాల పత్రికలు మొత్తం దాచడానికి ఏ ఇంట్లోనూ చోటుండదు. ఇక్కడొచ్చే తగువు ఏమిటంటే, ఒక సీరియల్ చివరి పేజీ వెనకే ఇంకో సీరియల్ మొదటి పేజీ ఉండేది. అన్నకి క్షుద్రశక్తుల సీరియల్ కావాలి, అక్కకి వెనక పేజీలోని ప్రేమ సీరియల్ కావాలి. అమ్మకి రెండూ అక్కర్లేదు గానీ అదే కాగితం మీద ఓ మూల ఆవకాయ కొలతలుండేవి. పరిష్కారం ఒక్కటే. ఎవరి కథ ఆ పేజీలో తక్కువుందో వాళ్లు ఆ ముక్క చేత్తో రాసుకుని, ఆ రాసిన కాగితం తమ బైండులో పెట్టుకోవాలి. అలా చేత్తో రాసిన పేజీలున్న బైండులు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఎనిమిదో తరగతి చేతిరాత, ఆకుపచ్చ సిరా.

కుట్టు

బైండింగు పనిలో ఎక్కువమంది పాడు చేసేది మొదటి అడుగే, పిన్నులు తీయడం. పత్రిక మధ్య పేజీ తెరిచి, చాకు మొనతో పిన్ను కాళ్లు నిలువుగా లేపి, అప్పుడు వెనకనుంచి లాగాలి. వెనకనుంచే పెరికితే వెన్ను దగ్గర కాగితం చీలిపోతుంది. మన సముద్రపు గాలికి పిన్నులు ఒక్క వానాకాలంలోనే తుప్పు పడతాయి. తుప్పు కాగితాన్ని తినేసి గోధుమరంగు చిల్లులు మిగులుస్తుంది. అందుకని తెలివైనవాళ్లు పత్రిక వచ్చిన వారమే పిన్నులు తీసేసి, దారంతో ఒక ముడి వేసి పడేసేవారు.

మధ్యలో పిన్ను కొట్టిన పత్రికలో ప్రతి కాగితానికీ అవతలివైపు జోడు కాగితం ఒకటి ఉంటుంది. ముందువైపు అయిదో పేజీ కావాలనుకుంటే, చివర్లో ఎక్కడో దాని జోడు ఉంటుంది. ఆ జోడుని మొదలంటా కత్తిరించకూడదు. అరంగుళం తోక వదిలి కత్తిరించి, ఆ తోకని వెనక్కి మడవాలి. అప్పుడు కుట్టు రెండు పొరల్లోంచి పోతుంది, పేజీ ఊడదు. తోక లేకుండా విడి కాగితాలు కుట్టిన బైండు రెండో చదువుకే రాలుతుంది. మొదటిసారి చేసేవాళ్లందరూ ఇక్కడే దెబ్బ తినేవారు.

కాగితాలన్నీ వరస పెట్టాక వెన్నువైపు, తలవైపు సమానంగా తట్టాలి. అడుగున తేడా ఉన్నా ఫర్వాలేదు, తరవాత కోయొచ్చు. ఒక రాత్రి సన్నికల్లు కింద నొక్కి ఉంచాలి. మర్నాడు వెన్ను నుంచి పావంగుళం పైన, అరంగుళం లోపల గీత గీసి, దాని మీద అయిదు చిల్లులు. అంచుకి మరీ దగ్గరైతే న్యూస్‌ప్రింటు చిరిగిపోతుంది, మరీ లోపలికైతే పుస్తకాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని చదవాలి, అన్నం తింటూ చదవడం కుదరదు. పల్చటి బైండుకి దబ్బనం చాలు. మందంగా ఉంటే చెక్కముక్క మీద పెట్టి సన్న మేకు కొట్టాలి.

దారం దగ్గర మా జిల్లాకి ఒక ఆకర్షణ ఉండేది. 193 కిలోమీటర్ల తీరం కదా, వలలు అల్లే నైలాన్ దారం సంతలో కావలసినంత దొరికేది. గట్టిగా ఉందని అందరూ దాంతో కుట్టేవారు. అదే తప్పు. నైలాన్ తెగదు, కాగితాన్ని కోస్తుంది. పది చదువులకి చిల్లులు సాగి గీతలవుతాయి. గోనె పురికొస లావుగా ఉండి వెన్ను ఉబ్బుతుంది. నూలు దారం రెండు పేటలు, కొవ్వొత్తి ముక్క మీద రెండుసార్లు లాగి మైనం పట్టించినది, అన్నిటికంటే నిలిచేది. మధ్య చిల్లులోంచి మొదలెట్టి పైకి పోయి, మళ్లీ కిందకి వచ్చి, మధ్యలోనే ముడి వెయ్యాలి. ముడి చివర వేస్తే మొదట ఊడేది అదే.

ఇక జిగురు. వంద గ్రాముల మైదా, అర లీటరు నీళ్లు. ముందు చన్నీళ్లలోనే ఉండ కట్టకుండా కలపాలి. వేడినీళ్లలో వేస్తే ఉండలు తప్పవు. సన్నని సెగ మీద కర్రపుల్లతో ఆపకుండా తిప్పుతుంటే తెల్లగా ఉన్నది కాస్తా మసకగా పారదర్శకం అవుతుంది. అప్పుడు దించి, పావు చెంచా మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ పొడి. అది లేకపోతే వారానికి బొద్దింకలు, నెలకి పురుగు. అది విషం కాబట్టి గిన్నె, పుల్ల మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. ఎన్ని ఇళ్లలో తన్నులు పడ్డాయో ఈ ఒక్క కారణానికి! జిగురు ఒకటిన్నర రోజు పనికొస్తుంది. పుల్లబడ్డాక అంటుకున్నట్టే ఉండి, ఆరాక పెళ్లలుగా లేస్తుంది.

అట్టలు బట్టల కొట్లోంచి తెచ్చుకోవాలి, చొక్కాల పెట్టెలవి. వెన్నుకి మూడంగుళాల వెడల్పు గుడ్డ. కొన్న క్యాలికో అయితే దర్జా, లేకపోతే నాన్న పాత పంచె. అట్టకీ వెన్నుకీ మధ్య పెన్సిలు మందం ఖాళీ వదలాలి, లేకపోతే అట్ట తెరుచుకోదు, బలవంతం చేస్తే మొదటి పేజీ ఊడొస్తుంది. అట్టకి బయటివైపు మాత్రమే కాగితం అంటిస్తే ఆరేటప్పుడు అటే లాగి దోనెలా వంగిపోతుంది. లోపల కూడా అంటించాలి. ఎండలో పెట్టకూడదు. నీడలో, పాలిథీన్ సంచి మధ్యలో వేసి, మళ్లీ సన్నికల్లు కింద రెండు రాత్రులు. ఏప్రిల్లో తూర్పుగాలి తిరిగి ఉక్కపోతగా ఉంటే మూడో రాత్రి కూడా. అన్నిరోజులు సన్నికల్లు దొరకదు కాబట్టి ఇటికలు గుడ్డలో చుట్టి పెట్టేవారు.

కుట్టేముందు ఒక లెక్క వేసుకోవాలి. విడి కాగితాలుగా ఉన్నంతకాలం ముగ్గురు ఒకేసారి చదవొచ్చు, ఒకడి చేతిలో పదో వారం, ఇంకొకడి చేతిలో పదకొండో వారం. కుట్టాక ఒక్కడే. అందుకే ఉమ్మడి సొమ్ముతో పోగేసిన సీరియళ్లు మే మొదటి వారం దాకా కుట్టేవారు కాదు. చదివేశాక కుట్టి, ఇచ్చిపుచ్చుకోడానికి వాడేవారు.

అద్దె షాపు నియమాలు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల సందుల్లో, విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు, అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. పాన్ షాపుకంటే కాస్త పెద్ద గది, పైకప్పు దాకా నవలలు. అన్నీ షాపువాళ్లే మళ్లీ కుట్టించినవి. అడ్వాన్సు కట్టాలి, తరవాత రోజుకింత. ఒకప్పుడు నవలకి రూపాయి, వారపత్రికకి పావలా. సాయంత్రం తీసుకుంటే మర్నాడు సాయంత్రం దాకా ఒక రోజు. పొద్దున్న తీసుకుంటే కొందరు ఆ సాయంత్రానికే రోజు అయిపోయిందనేవారు. కాబట్టి ఎప్పుడూ సాయంత్రమే వెళ్లాలి. వారానికి ఒక సెలవు రోజు ఉండేది షాపుకి. దాని ముందురోజు సాయంత్రం తీసుకుంటే రెండు రాత్రులు, ఒక రోజు అద్దె. ఆ సాయంత్రం క్యూ ఉండేది.

ఇక్కడ మనకి కావలసినవి ఏవంటే, మధుబాబు జానపదాలు. ఆయన రాసిన గూఢచారి షాడో నవలల కోసం పెద్దవాళ్లు కొట్టుకునేవారు గానీ, కాళికాలయం, కంకాళలోయ లాంటివి గుంటల సొత్తు. యండమూరి తులసిదళం ఇంట్లో తెలియకుండా చదవాలి. ఆయనదే యుగాంతం, చీకట్లో సూర్యుడు మాత్రం సైన్సు అని చెప్పి తేవచ్చు. మల్లాది నత్తలొస్తున్నాయి జాగ్రత్త అట్ట చూసి చాలామంది హాస్యం అనుకుని వదిలేసేవారు, అదృష్టం, ఎప్పుడూ దొరికేది. తెలుగులో సొంతంగా రాసిన సైన్స్ నవలలు తక్కువ. ఉన్నవాటిలో సైన్సు ఎంతో, భయం ఎంతో వేరుచేసి చూస్తే భయమే ఎక్కువ బరువు తూగుతుంది. అది లోపమనిపించేది కాదు అప్పుడు. ఇప్పుడు చదివితే చీకట్లో సూర్యుడు నిలబడుతుంది, కొన్ని నిలబడవు.

పుస్తకం చేతికి తీసుకోగానే చూడాల్సింది ఆఖరి పేజీ కాదు. అది చిరిగితే ఎవడికైనా కనిపిస్తుంది. చూడాల్సింది ఫారాలు. నవల పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. 1, 17, 33, 49, 65, 81, 97, 113, 129, ఈ పేజీల దగ్గర కొత్త ఫారం మొదలవుతుంది, దాని అడుగున చిన్న అంకె ఉంటుంది. దారం వదులైతే ఒక్క పేజీ కాదు, పదహారూ ఒకేసారి పోతాయి. బైండరు పొరపాటున ఒకే ఫారం రెండుసార్లు వేసేసి పక్కది మర్చిపోవడం కూడా ఉంది. ఇచ్చేటప్పుడు ఆ నింద మనమీద పడకుండా ఉండాలంటే తీసుకునేటప్పుడే ఆ తొమ్మిది పది చోట్ల తిప్పి చూసుకోవాలి.

"మావా, దీన్లో నూట పదమూడు నుంచి నూట ఇరవయ్యెనిమిది దాకా రెండుసార్లు ఉంది. తరవాత పదహారు పేజీలు లెవ్వు."

"రెండుసార్లుంటే నీకే లాభం గదేటి బావూ! రెండుసార్లు సదువుకో."

అద్దె తగ్గించడం మాత్రం ఉండేది కాదు.

ఇంకొకటి గుర్తులు. ఏడాదికి యాభై నవలలు అద్దెకి తెచ్చేవాడికి ఏది చదివాడో గుర్తుండదు, అట్టలేమో అన్నీ ఒకేలాంటి గోధుమరంగు. అందుకని ప్రతివాళ్లూ తమకంటూ ఒక పేజీ ఎంచుకుని, ఆ పేజీ అంకె చుట్టూ పెన్సిలుతో సున్నానో, చుక్కో పెట్టేవారు. షాపులో నవల తీసి తిన్నగా ఆ పేజీ తిప్పి, గుర్తుంటే పెట్టేసేవారు. కొన్ని పుస్తకాల్లో ఆ పేజీల మీద రకరకాల గుర్తులుండేవి, వీధివాళ్లందరి హాజరు పట్టీలాగా.

ఒక నవలకి ముగ్గురు పంచుకుని అద్దె కట్టే పద్ధతిలో వంతులుండేవి. టిఫిను నుంచి భోజనం దాకా ఒకరు, భోజనం నుంచి నాలుగింటి దాకా ఒకరు, ఆ తరవాత దీపాలు పెట్టేదాకా ఒకరు. మధ్యాహ్నం వంతుకి గిరాకీ ఎక్కువ, ఇంట్లో పెద్దలు నిద్రపోతారు కాబట్టి. ఆ వంతు వచ్చినవాడు జీడిమామిడి పళ్లు తినేసి ఆ చేతులతో పేజీలు తిప్పితే మరక పడేది. ఆ రసం మరక బట్ట మీంచి పోదు, కాగితం మీంచి అసలే పోదు. షాపాయన ఆ మరక చూసి ఏ వీధి గుంటలు తీసుకెళ్లారో చెప్పేసేవాడు.

కిలోల లెక్క

చిత్తు కాగితాల కొట్లో దినపత్రికకి రేటు ఎక్కువ, పొట్లాలు కట్టుకోడానికి పెద్ద షీటు కాబట్టి. వారపత్రికలు, పిల్లల పత్రికలు చవక. కిలోకి పదీ పన్నెండు తూగేవి. కొట్టువాడు అమ్మే రేటుకంటే కాస్త ఎక్కువిస్తే ఏరుకోనిచ్చేవాడు. మార్చిలో వెళ్లాలి. ఉగాదికి ఇళ్లు దులిపినప్పుడు అటకల మీంచి దిగేవన్నీ అక్కడికే వస్తాయి. బొమ్మరిల్లు, బాలమిత్ర ఎక్కువ దొరికేవి, చందమామ తక్కువ. చందమామని ఎవరూ తేలిగ్గా అమ్మేవారు కాదు.

ఏరేటప్పుడు ముక్కు వాడాలి. తడిసి ఆరిన కట్టకి ముక్కిన వాసన వస్తుంది, దాంట్లో ఒక్కటి ఇంటికి తెచ్చినా పెట్టె మొత్తం బూజు పడుతుంది. పసుపు రంగు తిరిగినవి ఫర్వాలేదు. న్యూస్‌ప్రింటు కర్రని నూరి చేసిన గుజ్జు, అందులోని లిగ్నిన్ గాలికీ వెలుగుకీ పచ్చబడుతుంది. పాత పుస్తకాల తియ్యటి వాసన కూడా చాలావరకు ఆ లిగ్నిన్ విరగడం వల్లే. పచ్చబడ్డది చదువుకోవచ్చు. మూల మడిస్తే విరిగేంత పెళుసయితే మాత్రం కుట్టు పనికిరాదు, అలాంటివి చదివి వదిలెయ్యాలి.

మాస్కో నుంచి వచ్చినవి

విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊళ్లోకి వచ్చి నిలబడితే జనం మూగేవారు. సోవియట్ వాళ్ల రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు, మీర్ వాళ్ల సైన్సు. తెల్లటి మందపాటి కాగితం, దారంతో కుట్టిన గట్టి అట్ట, ధర మన నవలకంటే తక్కువ. ఆఖరి పేజీలో పాఠకుల అభిప్రాయాలు రాయమని మాస్కో, జుబోవ్‌స్కీ బులివార్, 17 అని చిరునామా. బైండింగు నేర్చుకున్న గుంటలు వాటిని తిరగేసి చూసేది కథ కోసం కాదు, వెన్ను కోసం. ఫారాలు విడివిడిగా మధ్యలో కుట్టి, అన్నిటినీ కలిపి గాజుగుడ్డ అంటించారని ఒక పాత పుస్తకం విప్పితే గానీ అర్థమయ్యేది కాదు.

వాటిలో యాకోవ్ పెరెల్మాన్ భౌతికశాస్త్రం వేసవికి బాగా అక్కరకొచ్చేది. కథలు కాకపోయినా, కథల్ని పట్టుకుని లెక్కలు అడుగుతాడు. వెల్స్ రాసిన కనిపించని మనిషి ఒళ్లంతా గాజులా పారదర్శకమైతే కంటి వెనక పొర కూడా అంతే కదా, వెలుగు దాంట్లో ఆగదు, కాబట్టి వాడు గుడ్డివాడై ఉండాలి అంటాడు. జూల్ వెర్న్ 1865లో రాసిన నవలలో చంద్రుడి మీదకి మనుషుల్ని ఫిరంగిలో పెట్టి పేలుస్తారు. చంద్రుణ్ణి చేరే వేగం ఫిరంగి గొట్టం పొడవునా ఒక్క లిప్తలో రావాలంటే లోపలివాళ్ల మీద బరువు వేల రెట్లు పెరిగి, గొట్టం దాటకముందే నలిగిపోతారని చూపిస్తాడు. ఇది చదివిన గుంటలు ఆ తరవాత ఏ మాంత్రికుణ్ణీ ప్రశాంతంగా బతకనివ్వలేదు. మాయాతివాచీ మీద కూచుంటే ఎదురుగాలికి కళ్లు తెరవగలరా, సముద్రం అడుగు నగరంలో నీటి ఒత్తిడి ఏమవుతుంది, అన్నీ తగువులే. చీకటి పడ్డాక వీధి అరుగుల మీద ఇవే వాదనలు.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ పుస్తకాలు ఆగిపోయాయి. వ్యానులో మిగిలినవి ఇంకొన్నేళ్లు తిరిగాయి.

మన నేలమీద భూమి ఆకారం గురించి వాదించుకున్నది మాత్రం విజయనగరం జిల్లా అలమండ వాళ్లే. కె.ఎన్.వై. పతంజలి నవల్లోని గోపాత్రుడు భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని పట్టుబడతాడు. దాన్ని సైన్స్ ఫిక్షన్ అంటే నవ్వుతారు గానీ, ఒక తప్పు ఊహని పట్టుకుని ఊరు మొత్తాన్ని చివరిదాకా నడిపించడం ఆ పద్ధతే. పెద్దయ్యాక చదవాల్సినది. పదేళ్ల వయసులో తిట్లు మాత్రమే అర్థమవుతాయి.

ఏది ఎప్పుడు

పోగేసినవాటిని వరస పెట్టడం కూడా ఒక విద్య. సెలవుల మొదటి వారం సన్నవి చదవాలి, పరీక్షల బద్ధకం వదలడానికి. పెద్ద బైండులు మే నెలకి. రోహిణి కార్తె, అంటే మే 25 నుంచి రెండు వారాలు, బయట కాలు పెట్టలేని ఎండ. అద్దె షాపుకి వెళ్లే ఓపిక కూడా ఉండదు. ఆ రోజులకి సొంత బైండులు దాచుకోవాలి. దాచుకోనివాడు ఆ రెండు వారాలూ ఊళ్లోవాళ్ల గుమ్మాలు తిరుగుతాడు.

క్షుద్రపూజల నవలలు పగలే పూర్తి చెయ్యాలి. సాయంత్రాలు గాలివాన రావడం, కరెంటు పోవడం మా వైపు మామూలే. మూడొందల పేజీల దాంట్లో రెండొందల ఎనభయ్యో పేజీ దగ్గర దీపం ఆరితే ఆ రాత్రి పెరట్లోకి వెళ్లేవాళ్లు ఉండరు. జానపదాలు రాత్రి పైకి చదవడానికి బాగుంటాయి, వాక్యాలు పొట్టివి, ప్రతి భాగం చివర ఎవడో ఒకడు కత్తి దూస్తాడు. డాబా మీద లాంతరు పెట్టుకుని ఒకరు చదివితే మిగతావాళ్లు వినేవారు. లాంతరు గాజుకి పురుగులు కొట్టుకుంటుంటే పుస్తకం మడతలో చిక్కుకుని చచ్చేవి. పాత బైండుల్లో ఇప్పటికీ వాటి రెక్కలు కనిపిస్తాయి.

దాచడం

జూన్ మొదటి వారంలో లెక్కలు తేల్చుకోవాలి. ఎవరివి ఎవరికి, అద్దె షాపు అడ్వాన్సు, మార్పిడి పుస్తకాలు. ఆరుద్ర కార్తె వానలు పడకముందే సొంతవి పెట్టెలో పడాలి. మన జిల్లాల్లో పుస్తకానికి శత్రువులు ఇద్దరు, చెద, చెమ్మ. ట్రంకుపెట్టె గోడకి ఆనించకూడదు, జానెడు దూరం. నేల మీద పెట్టకూడదు, నాలుగు ఇటికలు. అడుగున ఎండు వేపాకు, మీద న్యూస్‌పేపరు, దానిమీద పుస్తకాలు పడుకోబెట్టి. కలరా ఉండలు విడిగా వేస్తే కాగితానికి మరక పడుతుంది, గుడ్డముక్కలో మూటకట్టి మూలల్లో పెట్టాలి. కొందరు వసకొమ్ము వేసేవారు, తాళపత్రాల కాలం నాటి పద్ధతి. దసరా సెలవుల్లో ఒకసారి తీసి నీడలో ఆరబెట్టాలి.

ఇవన్నీ మామూలు వానలకి. నాగావళి పొంగినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు, తడిసిన పెట్టెలు తెరిచినవాళ్లకి తెలిసిందేమిటంటే, లోపలి న్యూస్‌ప్రింటు కంటే రంగుల అట్టలే ముందు పోతాయి. నునుపు కాగితం తడిస్తే పైపూత జిగురై పక్క అట్టకి అతుక్కుంటుంది, ఆరాక విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. కాబట్టి తడిగా ఉన్నప్పుడే అట్టలు విడదీసి మధ్యలో పాలిథీన్ పెట్టాలి. లోపలి పేజీలు ఎండలో ఆరేస్తే అలలు తేలి, మళ్లీ మూతపడవు. ఇరవై పేజీలకొక న్యూస్‌పేపరు దూర్చి, ఫ్యాను కింద నిలబెట్టి, ఆ పేపర్లు రెండు మూడు గంటలకోసారి మార్చాలి. కరెంటు లేకపోతే కిటికీ దగ్గర. రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. అప్పుడు ఏది నిలబెట్టాలో ఎంచుకోక తప్పదు.

ఇప్పుడు

చందమామ 2013 కల్లా ఆగిపోయింది. అద్దె షాపుల చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. దాసరి వారి సీరియళ్లు అభిమానుల పూనికతో పుస్తకాలుగా వచ్చాయి, మధుబాబువి మళ్లీ అచ్చవుతున్నాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. పాత పత్రికలు ఎలా ఉండేవో పిల్లలకి చూపించాలంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు. వేసవికి పుస్తకాలు సమకూర్చుకోవడం ఇప్పుడు ఒక పూట పని, డబ్బుంటే చాలు. వెతుకులాట పోయిందని ఏడవక్కర్లేదు. దొరక్క మానేసిన పుస్తకాలు కూడా ఆ వెతుకులాటలో భాగమే, ఎన్నో సీరియళ్ల ముగింపు తెలియకుండానే పెద్దవాళ్లమైపోయాం.

కాకపోతే కొత్తవాటి వెన్ను చూసి కొనండి. ఇప్పటి నవలలు చాలావరకు కుట్టినవి కావు, ఫారాల మడతలు కోసేసి వేడి జిగురు పూసినవి. రోహిణి ఎండలో కారు వెనక అద్దం దగ్గర ఒక మధ్యాహ్నం వదిలేస్తే జిగురు మెత్తబడి పేజీలు కట్టలుగా జారతాయి. అలా జారినదాన్ని పారెయ్యక్కర్లేదు. పాత జిగురు గీకేసి, పేజీలు సమంగా తట్టి, రెండు అట్టముక్కల మధ్య బిగించి, వెన్ను మీద రంపంతో సన్నగా అయిదు గాట్లు పెట్టాలి, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోతు. గాట్లలో నూలు దారం ముక్కలు కూర్చి ఫెవికాల్ పల్చగా రెండు పూతలు వెయ్యాలి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది.